కొరికిన గారె

బల్లారట్ చలికి
కొట్టు అద్దం వెనక పెట్టిన పెసరట్టు
తొమ్మిదింటికి అట్టు, పదింటికి అట్ట.
గారెలు బిగుసుకుపోయి
పోట్లాడుకున్న తోడికోడళ్ళలా తలోవైపు తిరిగేవి.
అల్లప్పచ్చడి మీద పొర.
స్టర్ట్ స్ట్రీట్‌లో పోయేవాళ్ళు ఆగేవారు, చూసేవారు,
జాలిపడి పక్క కొట్లో శాండ్‌విచ్ కొనుక్కునేవారు.

అందుకని నోరీన్ పాస్కో గరాజ్‌కి వెళ్ళాను.
నలభై ఏళ్ళు కట్టుడుపళ్ళు చేసిన చేతులు.
రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక
బేకరీకి బన్నులు, మాంసం కొట్టుకి చాప్స్,
అమ్మకానికి పెట్టిన ఇళ్ళ వంటగట్టు మీదికి నిమ్మకాయలు,
అన్నీ సిలికాన్‌తో పోస్తోంది.

అప్పుడూ పళ్ళే, ఇప్పుడూ పళ్ళే
అని ఆమె అనలేదు. ఆమె భాషలో అవి రెండు మాటలు.
యాపిల్ మీద మచ్చ దిద్దుతుంటే నాకే తట్టి చెప్పాను.
"మీ భాషకి పొదుపెక్కువ" అంది, బ్రష్షు ఎత్తకుండా.

వేడి గారె తెమ్మంది.
దవడల అచ్చు తీసే గులాబీరంగు ముద్దలో నొక్కింది.
"చిల్లు లోపలి గోడ కూడా పడాలి" అంది, తనలో తను.
పెసరట్టుకి పదకొండు పచ్చలు కలిపింది. చాల్లేదు.
"ఈ అంచుది ఏం రంగు?"
నాకు తెలుగులోనూ పేరు దొరకలేదు.
"మాడబోయి ఆగిన రంగు" అన్నాను.
రాసుకుంది.

ఆవిరి మాత్రం తన వల్ల కాదంది.

ప్లేటు నూట ఎనభై డాలర్లు.
లోపల అసలుది పద్నాలుగు.
తాయారు వదిన లెక్కల పుస్తకంలో ఎక్కిస్తూ
"అయితే తిననిదే ఖరీదన్నమాట" అంది.

బాకీ ఇవ్వడానికి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను.
బల్ల మీద ఇద్దరికి భోజనం.
ఆమె ముందు సూపు, పొగలు కక్కుతూ.
లెన్ ముందు గొర్రె రోస్ట్, బఠాణీలు, జారబోయి ఆగిన గ్రేవీ.
ఆయనకి గొంతు ఆపరేషనయి రెండేళ్ళట.
తిండి గొట్టంలోంచి తిన్నగా పొట్టలోకి.
ఖాళీ బల్ల ముందు కూర్చుంటే ఆసుపత్రిలా ఉందని
ఆయనే చేయించుకున్నాడట.
నన్ను చూసి పలక మీద రాశాడు:
"మాంసం ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉడికిస్తుంది."
ఫోర్కుతో కొట్టి చూపించాడు.
టక్.
నవ్వొచ్చో లేదో తెలీక నోరీన్ వైపు చూశాను.
ఆమె అప్పటికే నవ్వుతోంది.

ఇంకొక్కటి మిగిలింది.
ఒక గారె కొరికినట్టు ఉండాలన్నాను,
లోపలి మిరియం, అల్లంముక్క కనపడాలని.
"ఎవరి పళ్ళతో?" అంది.
నా దగ్గర జవాబు లేదు.
ఆమె లేచి సొరుగు లాగింది.
పాత గుడ్డలో చుట్టిన పళ్ళ సెట్టు.
ఇక పాచి పట్టే పని లేని పళ్ళు.
తన చేత్తో కట్టినవే.
చెప్పకుండానే అటు చూసింది.
లెన్ పలక తుడిచి, మెల్లగా, పెద్ద అక్షరాలతో:
"పెద్ద ముక్కే కొరుకు."

ఎంగిలిది కొట్టు ముందు పెడతామా అని వదిన
రెండ్రోజులు అద్దానికి వీపు తిప్పి కూర్చుంది.
మూడోనాడు సంగతి చెప్పాను.
ఏమీ అనలేదు, పిండి రుబ్బడానికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం తనే దుమ్ము దులుపుతుంది.
పెసరట్టుకి రెండు విసుర్లు, పచ్చడి గిన్నెకి ఒకటి.
ఆ గారె దగ్గరకొచ్చేసరికి
బ్రష్షు పక్కన పెట్టి
కొరికిన అంచు వెంట చిటికెనవేలు నడిపిస్తుంది.

పైవరసలో ఒక పన్ను కాస్త వంకర.
కావాలనే అలా కట్టానంది నోరీన్.
ఆయన సొంత పళ్ళు అలాగే ఉండేవట.